కూత వినగానే ఎసరు

ముప్పై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పాను. చెప్పింది చెప్పినట్టు చేయనివాళ్ళను ఎంతమందిని చూశానో నాకే తెలియదు. అయినా ఒక లాప్‌టాప్ మాట వినకపోతే ఇంత ఒళ్ళు మండుతుందని మొన్న వేసవిలోనే తెలిసింది. బడిపిల్లలు తప్పు చేస్తే కనీసం తల వంచుకుని నిలబడతారు. ఇది అట్లా కాదు. సరేనన్నట్టు ఊరుకుంటుంది, ఆపి మళ్ళీ పెట్టగానే ఏమీ ఎరగనట్టు మొదటికి వస్తుంది.

దానికి నేను చెప్పింది ఒకే ఒక్క మాట. ఎంతసేపు ముట్టుకోకపోయినా స్లీప్‌లోకి పోవద్దని. ఇంత చిన్న మాట కోసం నేను వారం రోజులు తిండి మీద కూడా ధ్యాస లేకుండా ఎందుకు కొట్లాడానో చెప్పాలంటే మా అమ్మ దగ్గర మొదలుపెట్టాలి.

నేనూ అమ్మా ఇద్దరమే గుంతకల్లులో ఉంటాం, స్టేషనుకు నడిచిపోయేంత దూరంలో. నాయన రైలు డ్రైవరు. బొగ్గు ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా చేరి, డ్రైవరై, చివరికి డీజిలు ఇంజన్లు నడిపి రిటైరయ్యాడు. పోయి తొమ్మిదేళ్ళయింది. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం అమ్మా నేనూ వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాం. దూరంగా ఏదో గూడ్సు బండి హారన్ కొట్టింది. అమ్మ చేతిలో కాయ అట్లాగే పట్టుకుని, నాయన కూత ఎట్లా ఉండేదని అడిగింది.

నాయన కూత అంటే మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి. డ్యూటీ ముగించుకుని బండితో ఊళ్ళోకి వస్తున్నప్పుడు, సిగ్నలు దగ్గర, రైల్వే కాలనీ కనబడేచోట నాయన ఒక రకంగా కూత వేసేవాడు. అది రూల్సులో రాసి ఉన్న కూత కాదు. అప్పటి డ్రైవర్లలో చాలామందికి అట్లా సొంత కూత ఒకటి ఉండేది. ఏ కూతకు ఏ ఇంటి ఇల్లాలు లేస్తుందో కాలనీలో పిల్లలకు కూడా తెలుసు. గూడ్సు డ్రైవరు ఏ రోజు ఏ వేళకు ఇల్లు చేరతాడో చెప్పేవాళ్ళు లేరు. ధర్మవరం పోయినవాడు రేపు రావచ్చు, ఎల్లుండి రావచ్చు. అందుకని ఆ కూతే కబురు. అది వినబడగానే అమ్మ చేతిలో ఏ పనున్నా వదిలేసి లేచి, పొయ్యి మీద ఎసరు పెట్టేది. నాయన బండి అప్పజెప్పి, పుస్తకంలో సంతకం పెట్టి, సైకిలు తొక్కుకుంటూ ఇల్లు చేరేసరికి అన్నం అయి ఉండేది. నాయనను అడిగితే మాత్రం ఏ రోజూ ఒప్పుకోలేదు. సిగ్నలు ఇయ్యకపోతే కొట్టినాలే అనేవాడు.

ఎసరు ఒక్కటే కాదు, నీళ్ళు కూడా. మా కాలనీ కొళాయికి ఎండాకాలం నాలుగు రోజులకొకసారి నీళ్ళొస్తే గొప్ప. ఒళ్ళంతా బొగ్గు మసితో వచ్చే మనిషి కోసం అమ్మ ఎప్పుడూ ఒక కాగు నిండా నీళ్ళు ఎత్తిపెట్టి, పైన పళ్ళెం మూసి, పళ్ళెం మీద రాయి పెట్టేది. ఇంట్లో ఎంత కటకటగా ఉన్నా మేం ఆ కాగు జోలికి పోకూడదు. నాయన గడపలో బూట్లు విప్పుతూ అడిగే మొదటి మాట కూడా అదే, నీళ్ళున్నాయా అని. పిల్లలెట్లున్నారని కాదు, నువ్వెట్లున్నావని కాదు. అమ్మ వంటింట్లోంచే ఉన్నాయని చెప్పేది. ఒక్కోసారి ఆ ఉన్నాయన్న నీళ్ళు అప్పుడే పక్కింట్లో అడుక్కుని తెచ్చినవి. ఆ సంగతి నాయనకు తెలియనిచ్చేది కాదు.

సరే, కూత ఎట్లా ఉండేదని అడిగింది కదా. రెండు పొట్టివి, ఒక పొడుగు అని నేను ఠక్కున చెప్పాను. అమ్మ తల అడ్డంగా ఊపింది. మొదట పొడుగు, తర్వాత రెండు పొట్టివి అంది. నేను నోటితో కూసి చూపించాను. ఆమె కూసి చూపించింది. ఎదురింటావిడ గోడ మీంచి తొంగి చూసి పోయింది. వాదులాడుకున్నాం, నవ్వుకున్నాం. నేను లెక్కల టీచరును, ఓడిపోవడం నాకు చేతకాదు. కాసేపటికి అమ్మ నవ్వడం ఆపేసింది. నేను కూసిందీ సరిగ్గా లేదు, తాను కూసిందీ సరిగ్గా లేదని ఆమెకు అర్థమైంది.

"ముప్పై ఏండ్లు ఆ కూత ఇనే కదా ఎసరు పెట్టింది," అంది. "అదే మర్సిపోయినానంటే ఇంగ నాకేం మిగిలినట్టు?"

అప్పటికి ఏడాదిగా అమ్మ ఒకటొకటే మరిచిపోతూ ఉంది. ఈ రోజు ఏ వారమో, మాత్ర వేసుకుందో లేదో. ఒకసారి గ్యాసు తిప్పి వెలిగించడం మరిచిపోయింది. అప్పటినుంచి పొయ్యి ముట్టుకోవద్దని కట్టడి చేశాను. విసుక్కున్న రోజులు కూడా ఉన్నాయి, ఎన్నిసార్లు చెప్పాలమ్మా నీకు అని. వాటన్నిటికీ ఆమె నవ్వి ఊరుకుంది. కూత పోవడం మాత్రం తట్టుకోలేకపోయింది. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. మరుసటి రోజు పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని తనలో తాను సన్నగా కూసుకుంటూ కూర్చుంది, పొడుగు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి.

అప్పుడు గుర్తొచ్చింది కాసెట్టు. నాకు పదమూడేళ్ళప్పుడు మా మేనమామ వేసవి సెలవుల్లో వచ్చి ఒక టేప్ రికార్డరు మా ఇంట్లో వదిలిపెట్టి పోయాడు. దాంతో నేను దొరికినదల్లా పట్టాను. రేడియోలో పాటలు, మా తమ్ముడి ఎక్కాలు, రుబ్బురోలు చప్పుడు, కోళ్ళ అరుపులు. ఒక మధ్యాహ్నం మిద్దె ఎక్కి నాయన కూత కూడా పట్టాను. అదొక్కటి బాగా గుర్తు, ఎందుకంటే ఆ ఎండకు అరికాళ్ళు బొబ్బలెక్కి నాలుగు రోజులు కుంటుకుంటూ తిరిగాను. బీరువా అంతా తిరగేస్తే, నాయన యూనిఫారం బొత్తాలు దాచిన డబ్బాలో ఆ కాసెట్టు దొరికింది.

మార్కెట్టు వెనక రేడియోలు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఊరంతా ఆయన్ను భాయ్ అనే పిలుస్తుంది. ఆయన దగ్గరికి తీసుకుపోయాను. కళ్ళద్దాలు పైకెత్తి చూసి, లోపల టేపు పొర మీద పొర అంటుకుపోయిందన్నాడు. రెండు రోజులు దగ్గరుంచుకుని విడదీసి, వేరే కాసెట్టు డబ్బాలోకి చుట్టి, తన టేప్ రికార్డరుతో సహా నా చేతికిచ్చాడు.

"ఒక్కసారి తిరుగుతాదమ్మా. రెండోసారికి నేను జిమ్మేదార్ కాదు," అన్నాడు. "పైన పూత రాలిపోతాంది. ఆ ఒక్కసారే కంప్యూటర్లోకి ఎక్కించుకోండి."

టేప్ రికార్డరు వచ్చే ఆదివారంలోపల తిరిగివ్వాలి. సోమవారం ఆయన బళ్ళారిలో కూతురింటికి పోతున్నాడు, ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు.

ఫోనులో పట్టుకుంటే పోలేదా అని మీరు అనబోతున్నారు. అదీ చూశాను, ఎందుకూ పనికిరాని వేరే పాత కాసెట్టు పెట్టి. ఫ్యాను మోత, పక్కింటి మిక్సీ, నడిమధ్యలో ఎవరో ఫోన్ చేస్తే అంతటితో సరి. వైరు పెట్టి కంప్యూటర్లోకి తీసుకుంటేనే శుభ్రంగా వస్తుందని భాయ్ ముందే చెప్పాడు. అందుకని ఆ పాత కాసెట్టునే వైరు పెట్టి లాప్‌టాప్‌లోకి ఎక్కించి చూశాను. అంతా బాగుందనుకుని స్నానానికి పోయాను. వచ్చేసరికి టేపు తిరుగుతూనే ఉంది, తెర మాత్రం నల్లగా ఉంది. ఒక మీట నొక్కితే వెలిగింది. రికార్డింగు పదిహేనో నిమిషం దగ్గర తెగిపోయి ఉంది.

అసలు కాసెట్టుకే అట్లా జరిగి ఉంటే అని తలచుకుని, దాన్ని తీసి మళ్ళీ బొత్తాల డబ్బాలో పెట్టాను. నాయన కూత ఆ కాసెట్టులో ఎక్కడుందో నాకు తెలియదు. మొదట్లో ఉండొచ్చు, చివర్లో ఉండొచ్చు. ఉన్నది ఒకే ఒక్క అవకాశం, ఆ నలభై ఐదు నిమిషాలూ కంప్యూటరు మెలకువగా ఉండి తీరాలి.

ఇక మా ఇద్దరికీ యుద్ధం మొదలైంది. సెట్టింగుల్లోకి పోయి, పవర్ అన్నచోట నొక్కి, పదిహేను నిమిషాలు అన్నదాన్ని 'నెవర్' అని మార్చాను. ఆపి మళ్ళీ పెట్టి చూస్తే పదిహేను. కంట్రోల్ ప్యానెల్లోకి పోయి అక్కడ మార్చి, సేవ్ అన్న బొత్తాం గట్టిగా నొక్కాను, గట్టిగా నొక్కితే వింటుందేమోనని. పదిహేను. ఉన్న పవర్ ప్లాను వద్దని ఇంకొకటి పెట్టాను. అదీ వద్దని కొత్తది ఒకటి తయారుచేసి దానికి నా పేరే పెట్టాను. మరుసటి రోజు చూస్తే నా పేరు ఉంది, లోపల పదిహేనే ఉంది. చార్జరు పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి. బళ్ళో పిల్లలకు చెప్పినట్టే ఒక్కో మెట్టూ కాగితం మీద రాసుకున్నాను. ఆపకుండా ఉంచితే అయినా నిలుస్తుందేమో అని చూస్తే, ఒకసారి గంట నిలిచింది, ఒకసారి పది నిమిషాలకే వెనక్కి పోయింది. ఎప్పుడు పోతుందో లెక్క అందలేదు. లెక్క అందనిదాన్ని నమ్మి ఆ కాసెట్టు పెట్టలేను.

అన్నిటికన్నా మండింది తెర మీద పైన సన్నగా కనబడే ఒక ఇంగ్లీషు వాక్యం. ఈ సెట్టింగుల్లో కొన్నిటిని మీ సంస్థ చూసుకుంటుంది అని దాని అర్థం. ఏ సంస్థ? ఈ ఇంట్లో ఉన్నది నేనూ మా అమ్మా. మేమిద్దరం ఎప్పుడు సంస్థ అయ్యాం? ఎన్నిసార్లు చెప్పాలి నీకు అని నేను దాని మీద గట్టిగానే అరిచాను. వసారాలో మంచం మీద పడుకున్న అమ్మ లేచి వచ్చి, నా భుజం మీంచి తెర చూసింది.

"చెప్పింది గుర్తుండదా దీనికి?" అంది. "నా మాదిరే ఉండాదే, పాపం. తిట్టొద్దులే."

అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను లాప్‌టాప్‌ను తిట్టిన మాటలు ఆమెను విసుక్కున్న మాటలే. అక్షరం తేడా లేదు. చాలా సిగ్గేసింది. అప్పటినుంచి దాన్ని కూడా తిట్టలేదు.

శనివారం పొద్దున లాప్‌టాప్ సంచిలో వేసుకుని, నాకు దాన్ని అమ్మినాయన దగ్గరికి పోయాను. స్టేషను రోడ్డులో చిన్న అంగడి ఆయనది. బెంగళూరులో కంపెనీలు వాడి వదిలేసిన లాప్‌టాప్‌లు కట్టగట్టి తెచ్చి అమ్ముతాడు. పది నిమిషాలు చూసి ఆయన తేల్చి చెప్పాడు. ఈ లాప్‌టాప్ ముందు పనిచేసిన కంపెనీ పెట్టిన రూల్సు ఇంకా లోపలే ఉన్నాయట. పదిహేను నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే ఆగిపోవాలన్నది ఆ కంపెనీ మాట. నేనేం మార్చినా అది కాసేపు తలూపి, మళ్ళీ పాత యజమాని మాట మీదికే పోతుంది. మొత్తం తుడిచి కొత్తగా వేయాలి, ఒక రోజు పడుతుంది, కానీ తాను ఈ మధ్యాహ్నమే సరుకు కోసం బెంగళూరు పోతున్నాడు, మంగళవారం వస్తాడు. టేప్ రికార్డరు రేపటికి ఇచ్చేయాలని నేను చెబితే తల గోక్కున్నాడు.

"ఎవరన్నా పక్కన కూచోని మౌసు కదిలిస్తాండల్ల మేడమ్," అన్నాడు. "మనిషి ఉండాడని తెలిస్తే అది ఆగదు. అంతకన్నా వేరే దారి లేదు."

వారం రోజులు నేను చేసిన విద్యలన్నీ ఇంతటితో తేలిపోయాయి. ఇంటికొచ్చి అమ్మకు కంపెనీ సంగతి చెప్పాను. ఆమెకు అందులో వింతేమీ కనబడలేదు. రిటైరైన తర్వాత నాయన కూడా ఒక ఏడాది డ్యూటీ పెట్టె సర్దుకునే కూర్చున్నాడని, ఎవరైనా తలుపు కొడితే ముందు పెట్టె వైపే చూసేవాడని గుర్తుచేసింది. నిజమే. టార్చి, పచ్చజెండా, ఎర్రజెండా, గ్లాసు, అన్నీ దాంట్లోనే ఉండేవి. ఏడాది తర్వాత ఒక రోజు తనంతట తానే పెట్టె తెరిచి, టార్చి తీసి నాకిచ్చాడు. నేను దాన్ని ఎక్కడో పారేసుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంటుంది.

మౌసు పట్టుకుని తానే కూర్చుంటానని అమ్మ అంది. నాకు భయమేసింది. మాత్ర వేసుకున్న సంగతి గుర్తుండని మనిషి నలభై ఐదు నిమిషాలు ఎట్లా చూసుకుంటుంది? కానీ టేపు ఎక్కడ నలుగుతుందో చూస్తూ, బిగిస్తే వెంటనే ఆపడానికి నేను టేప్ రికార్డరు ముందు ఉండాలి. పైగా ఆమె అడిగిన తీరు చూసి వద్దనలేకపోయాను. గోడ గడియారం పెద్ద ముల్లు ఒక్కో అంకె మీదికి వచ్చినప్పుడల్లా మౌసు ఇటూ అటూ జరపాలని చెప్పాను. కాచుకోని కూచునే పని తనకు నేర్పాలా అంది అమ్మ.

వైరులోకి బయటి చప్పుడు ఎక్కదు గానీ, మాకు శుభ్రంగా వినబడాలని ఆదివారం పదిగంటలకు ఫ్యాను ఆపాం, కిటికీలు మూశాం. పక్కింటికి పోయి పదకొండు దాకా మిక్సీ వేయొద్దని బతిమాలి వచ్చాను. ఎవరైనా చేస్తే మోగుతుందని ఫోను వెనక గదిలో పరుపు కింద పెట్టాను. అమ్మ తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, చెయ్యి తుడుచుకుని మౌసు మీద పెట్టింది. నేను టేపు వదిలాను.

మొదట రేడియో పాటలు వచ్చాయి, పాట మధ్యలో మొదలై మధ్యలో పోయేవి. తర్వాత తమ్ముడు ఎక్కాలు అందుకున్నాడు. ఏడెనిమిదులు యాభై నాలుగు అన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు వాణ్ణి ఆపి దిద్దాలనిపించింది. అమ్మ పెదవులు బిగించి నవ్వాపుకుంటూ గడియారం వైపే చూస్తోంది. ఐదు నిమిషాలకొకసారి జరపమంటే నిమిషానికొకసారి జరుపుతోంది. ఒళ్ళంతా చెమట పట్టినా వెన్ను వాల్చలేదు. ఒక్కసారి కూడా మరిచిపోలేదు. ఏడాదిగా ఆమెను అంత నిబ్బరంగా నేను చూడలేదు.

రుబ్బురోలు చప్పుడు వచ్చింది. అది ఆగిపోయి, గాలి హోరు మొదలైంది. ఎక్కడో కాకి అరిచింది. అది మిద్దె. ఇరవై ఎనిమిదో నిమిషం నడుస్తోంది. గాలిలోంచి, చాలా దూరం నుంచి, కూత వచ్చింది.

ఒక పొట్టిది. తర్వాత ఒకటి పొడుగు, చివర్లో కొంచెం పైకి లేచేది. మళ్ళీ ఒక పొట్టిది. ఇద్దరం తప్పే చెప్పాం.

మూడోది ఇంకా ముగియనేలేదు, కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినబడింది. తల తిప్పి చూస్తే అమ్మ లేచి వంటింటి వైపు పోతోంది. తెర వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. చెంగు నడుముకు దోపుకుంటూ నడిచిపోయింది. కూత మతికి రావడం లేదని వారం రోజులు అన్నం సరిగ్గా తినని మనిషి. ఆమె కాళ్ళు మాత్రం దేన్నీ మరిచిపోలేదు. నేను టేప్ రికార్డరు ముందు కూర్చుని ఏడ్చాను.

వంటింట్లో లైటరు టక్కుమన్నప్పుడు గానీ పొయ్యి సంగతి నాకు తట్టలేదు. ఏడుపు మానేసి పరుగెత్తాను. అప్పటికే పొయ్యి వెలిగించి, ఎసరు పెట్టి, డబ్బాలోంచి బియ్యం కొలుస్తోంది అమ్మ. ఇద్దరికి ఒక గ్లాసు చాలు. నాలుగు గ్లాసులు పోసింది. నేను అమ్మా అన్నాను. ఆమె వెనక్కి తిరగకుండానే, కూత పడింది కదా అంది, పదమూడేళ్ళ పిల్లకు చెప్పినట్టు. తలుపుకు ఆనుకుని మంట వైపు చూస్తూ నిలబడ్డాను. ఆమె ఒక్క పొరపాటు చేయలేదు. బియ్యం మూడుసార్లు కడిగింది, కడిగిన నీళ్ళు బక్కెట్లోకి వంచింది, పారబోయలేదు. ఎసరు మరిగిందాకా నిలబడి, అప్పుడు బియ్యం పోసి, మంట తగ్గించింది.

ముందు గదిలో టేపు తిరుగుతూనే ఉంది. వైరును హెడ్‌ఫోన్ రంధ్రంలో కాక టేప్ రికార్డరు వెనక ఉన్న రంధ్రంలో పెట్టాం కాబట్టి దాని స్పీకరు దాని పాటికది మోగుతోంది. కోళ్ళు అరిచాయి, చిన్నప్పటి నా గొంతు ఏదో పాఠం అప్పజెప్పింది. నేను చెవిన పెట్టలేదు. కావలసిన కూత వచ్చేసింది, ఇంకేముంటుంది దాంట్లో అనుకున్నాను. మౌసు మీద ఎవరి చెయ్యీ లేదని నాకు అప్పుడు తోచనే లేదు.

అన్నం పొంగు మీదికి వచ్చింది. అమ్మ మూత తీసి గరిటె పెట్టింది. సరిగ్గా అప్పుడు ముందు గదిలో గొళ్ళెం తీసిన చప్పుడు, బరువుగా బూట్ల చప్పుడు, ఆ వెంటనే నాయన గొంతు.

"ఏమే, నీళ్ళుండాయా?"

అది పట్టినట్టు నాకు గుర్తే లేదు. ఆ రోజు మిద్దె దిగి వచ్చి, కూత పట్టానని నాయనకు చూపించాలని గడపలో పెట్టుకుని కాచుకున్నానేమో. టేపులో ఆ మాట తర్వాత చప్పుడు లేదు. ఆ నాడు అమ్మ వంటింట్లోంచి చెప్పిన జవాబు గడపలో ఉన్న టేప్ రికార్డరుకు అందలేదు. ఆ ఖాళీలో మా అమ్మ, గరిటె తిప్పుతూనే, గొంతు పెంచి చెప్పింది.

"ఉండాయి. ఎత్తిపెట్టినా. పోసుకోని రా, అన్నం అయితాంది."

సరే అన్నాడు నాయన. కాసేపటికి టేపు అయిపోయి మీట టక్కున పైకి లేచింది.

నేను ముందు గదిలోకి పోయేసరికి తెర నల్లగా ఉంది. వెలిగించి చూశాను. కూత ఉంది. కోళ్ళున్నాయి. నలభై మూడో నిమిషంలో తెగిపోయింది. నాయన మాట అది తెగిన తర్వాత వచ్చింది. ఫోను కూడా పక్కన పెట్టి ఉండాల్సింది అని తర్వాత చాలామంది చెప్పారు. తర్వాత అందరికీ తెలుస్తుంది. ఆ నిమిషంలో నాకు మొదట కంపెనీ మీద కోపమొచ్చింది, తర్వాత లాప్‌టాప్ మీద, చివరికి, దాచుకోవడమెందుకు, మౌసు వదిలేసి లేచిపోయిన అమ్మ మీద కూడా వచ్చింది. ఎన్నిసార్లు చెప్పాలన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. టేపును వెనక్కి తిప్పే మీట మీద వేలు పెట్టాను. రాలితే రాలనీ, ఆ ఒక్క మాట కోసం ఇంకొకసారి తిప్పి చూద్దామనుకున్నాను.

అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది. నాయన మాట ఎక్కలేదమ్మా, మళ్ళీ తిప్పుతాను అన్నాను. ఆమె టేప్ రికార్డరు వైపు చూసింది, నా వేలి వైపు చూసింది.

"వద్దులే," అంది. "తిప్పితే మళ్ళా అడుగుతాడు. చెప్పినా కదా."

వేలు తీసేశాను. కాసెట్టు తీసి బొత్తాల డబ్బాలోనే పెట్టాను. సాయంత్రం టేప్ రికార్డరు భాయ్‌కి ఇచ్చేసి వచ్చాను. ఆ రోజు మిగిలిన అన్నం ఎదురింటికీ పక్కింటికీ ఇచ్చాం.

తర్వాతి వారం అంగడాయన రికార్డింగును ముందు పెన్‌డ్రైవులోకి తీసిపెట్టి, లాప్‌టాప్ మొత్తం తుడిచి కొత్తగా వేసిచ్చాడు. ఇప్పుడు నెవర్ అంటే నెవరే, ఆపి పెట్టినా మారదు. కూత ఒక్కటి దాంట్లో వేరుగా పెట్టుకున్నాను. అది ఎట్లా ఉండేదని అడిగితే అమ్మ ఇప్పటికీ తప్పే చెబుతుంది. ఒక్కోరోజు ఆమె ఉదయం నుంచి ఏమీ మాట్లాడకుండా కూర్చుని ఉంటే, పదకొండు గంటలప్పుడు అది పెడతాను. మూడోది ముగియకముందే లేస్తుంది. ఆ పూట పొయ్యి ఆమెదే, నేను అడ్డం పోను. పోయి ఒక కాగు నీళ్ళు నింపి, పైన పళ్ళెం మూసి వస్తాను.